ఎవాంజెలికల్ అనే మాట ఖరీదు

2016 అక్టోబరులో ఒక సాయంత్రం, డాలస్ శివార్లలోని మా అపార్టుమెంటులో పప్పుకు పోపు పెడుతుండగా ఫోను మోగింది. ఏదో సర్వే అట. పది నిమిషాలు మాట్లాడగలరా అని అడిగిన అమ్మాయి గొంతు బాగా అలసిపోయి ఉండటంతో కాదనలేక స్టవ్ ఆపాను. వయసు, చదువు, ఆదాయం, జాతి అన్నీ అయ్యాక ఆమె ఒక ప్రశ్నను గుక్క తిప్పుకోకుండా చదివింది. మీరు మిమ్మల్ని తిరిగి జన్మించిన క్రైస్తవుడినని గానీ, ఎవాంజెలికల్ క్రైస్తవుడినని గానీ చెప్పుకుంటారా, అవునా, కాదా? అవును అన్నాను. అందులో ఆలోచించవలసింది నాకేమీ కనిపించలేదు. పదిహేడో ఏట నాగార్జునసాగర్ కుడి కాలువలో నడుము లోతు నీళ్లలో నిలబడి, పాస్టరుగారి చెయ్యి పట్టుకుని, గట్టు మీద అమ్మమ్మ చూస్తుండగా మునిగి లేచినవాణ్ణి. ఆమె థాంక్యూ అని తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. గుడికి వెళతావా అని అడగలేదు, బైబిలు చదువుతావా అని అడగలేదు, దేనిని నమ్ముతావని అంతకన్నా అడగలేదు. ఒక్క గడిలో టిక్కు పడింది, ఆ తరువాత అభ్యర్థుల పేర్లు వచ్చాయి.

మరుసటి నెల ఎన్నికలు జరిగాయి. శ్వేతజాతి ఎవాంజెలికల్ ఓటర్లలో సుమారు 80 శాతం డొనాల్డ్ ట్రంప్‌కు ఓటు వేశారని ఎగ్జిట్ పోల్స్ తేల్చాయి. ఆ శాతం తరువాతి రెండు ఎన్నికల్లోనూ పెద్దగా తగ్గలేదు. అప్పటి నుంచి ఆఫీసులో ఎవరైనా నా మతం సంగతి తెలిసి ‘ఓహో, ఎవాంజెలికలా’ అన్నప్పుడు వాళ్లు ఏ అర్థంలో ఆ మాట అంటున్నారో నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. నేను అన్న అవునుకూ వాళ్లు విన్న అవునుకూ మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం.

ముందుగా ఒక చిక్కు ఉంది. ఈ మాటకు మన సంఘాల్లో సరైన తెలుగు లేదు. సువార్తికుడు అంటే ఊరూరా తిరిగి సువార్త ప్రకటించేవాడు, అది ఒక పని పేరే తప్ప ఒక రకపు విశ్వాసం పేరు కాదు. మనవాళ్లు అడిగేది ‘రక్షణ పొందావా’, ‘మారుమనస్సు పొందావా’, ‘బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావు’ అని. ‘విశ్వాసి’ అనే మాటకూ ‘నామకార్థ క్రైస్తవుడు’ అనే మాటకూ మధ్య ఉన్న గోడ మన దగ్గర చాలా ఎత్తు. మా అమ్మమ్మ ఒక మనిషి గురించి ‘పేరుకు క్రైస్తవుడేలే’ అన్నదంటే ఆ మనిషికి మా ఇంట్లో పిల్లనివ్వడం అన్న ప్రసక్తి అక్కడితో ముగిసిపోయినట్టే. ఇంగ్లిషువాళ్లు ఎవాంజెలికల్ అన్నది మొదట ఈ అర్థంలోనే. పుట్టుకతో వచ్చిన మతం చాలదని, మనిషి తనంతట తాను తిరగాలని చెప్పేవాళ్లకు ఆ పేరు.

దీన్ని ఒక కొలతలో పెట్టినవాడు డేవిడ్ బెబ్బింగ్టన్ అనే చరిత్రకారుడు. 1730ల నుంచి సాగిన బ్రిటిష్ ఎవాంజెలికల్ చరిత్రను రాస్తూ 1989లో ఆయన నాలుగు గుర్తులు చెప్పాడు: మారుమనస్సు, బైబిలు అధికారం, సిలువ కేంద్రంగా ఉన్న విశ్వాసం, ఆ విశ్వాసాన్ని పనిలో చూపాలన్న తపన. వేదాంత విద్యార్థులు ఈ నాలుగింటినీ మనం ఎక్కాలు నేర్చినట్టు నేర్చుకుంటారు. ఆ కొలత ప్రకారం బానిసల వ్యాపారాన్ని 1807లో చట్టంతో ఆపించిన విల్బర్‌ఫోర్స్ ఎవాంజెలికలే, మా అమ్మమ్మ ఎవాంజెలికలే, నేనూ అంతే. నాకు ఈ కొలతతో పేచీ లేదు. కాని ఇది గుడిలో పనికొచ్చే కొలత. బజారులోకి, అంటే ఓటు, కోర్టు, పత్రిక, జనాభా లెక్క ఉన్న చోటికి వచ్చేసరికి మాట మరొక విధంగా తూగుతుంది. ప్రజాజీవితంలో ఒక మతపు పేరుకు అర్థాన్ని ఇచ్చేది ఆ పేరు చెప్పుకున్నందుకు ఏమి దక్కుతుంది, ఏమి పోతుంది అన్నదేనని, నమ్మకాల జాబితా దాని తరువాతేనని నా వాదన. అమెరికాలో పదకొండేళ్లు ఉండి, ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగిన నాకు రెండు చోట్లా ఇదే కనిపించింది, కాకపోతే రెండు చోట్లా తూకం ఎదురెదురు దిక్కులకు మొగ్గింది.

అమెరికా సంగతి చూద్దాం. ఆ మాట అక్కడ వార్తాపత్రికలకు ఎక్కింది 1976లో. ఆ ఏడు గ్యాలప్ సర్వేలో సుమారు మూడో వంతు అమెరికన్లు తాము తిరిగి జన్మించినవాళ్లమని చెప్పారు, న్యూస్‌వీక్ పత్రిక తన ముఖచిత్ర కథనంలో ఆ ఏడాదిని ఎవాంజెలికల్ సంవత్సరమని రాసింది. కారణం జిమ్మీ కార్టర్. జార్జియాలోని ప్లెయిన్స్ అనే చిన్న ఊరి బాప్టిస్టు, సండే స్కూలు చెప్పేవాడు, తాను తిరిగి జన్మించానని దాపరికం లేకుండా చెప్పి అధ్యక్షుడయ్యాడు. బెబ్బింగ్టన్ గుర్తులు నాలుగూ పట్టుకుని వెతికితే ఇంతకన్నా చక్కగా సరిపోయే అధ్యక్షుడు దొరకడు. పదవి దిగిపోయాక కూడా తొంభై దాటేదాకా ఆయన అదే ఊళ్లో ఆదివారం పాఠం చెబుతూనే వచ్చాడు. కాని నాలుగేళ్లు తిరిగేసరికి, 1980లో, శ్వేతజాతి ఎవాంజెలికల్ ఓటర్లలో ఎక్కువమంది ఆయనను వదిలి, విడాకులు తీసుకున్న హాలీవుడ్ నటుడు రోనాల్డ్ రీగన్ వెంట వెళ్లారు. ఆ ఆగస్టులో మా డాలస్‌లోనే వేలమంది పాస్టర్లు, విశ్వాసులు చేరిన సభలో రీగన్ ఒక చమత్కారం విసిరాడు. మీరు నాకు మద్దతు ప్రకటించలేరని తెలుసు, నేనే మీకు మద్దతు ప్రకటిస్తున్నాను అన్నాడు. సభ లేచి నిలబడింది. తమవాడు ఒకడు అధ్యక్షుడుగా ఉన్నా, తమను కోరుకుంటున్న బయటివాడే వాళ్లకు ఎక్కువైపోయాడు. నమ్మకం ఒక్కటే గుర్తింపును నిర్ణయించేదైతే ఇలా జరగకూడదు.

ఈ మలుపు ఎందుకు వచ్చిందని అడిగితే సిద్ధంగా ఉండే జవాబు గర్భస్రావం. 1973లో గర్భస్రావం హక్కేనని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, విశ్వాసుల మనస్సాక్షి కదిలింది, వాళ్లు రాజకీయాల్లోకి వచ్చారు అన్నది ఆ కథ. ఇందులో నిజం లేకపోలేదు, కాని తేదీలు కలవవు. దక్షిణాది బాప్టిస్టు సంఘాల కూటమి అయిన సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ 1971లో, అంటే ఆ తీర్పుకు రెండేళ్ల ముందు, అత్యాచారం, పిండంలో తీవ్రమైన లోపం, తల్లి శారీరక మానసిక ఆరోగ్యానికి హాని వంటి సందర్భాల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం కోసం పాటుపడమని తన సభ్యులకు తీర్మానం ద్వారా పిలుపునిచ్చింది. తీర్పు వచ్చాక మరుసటేడు దాన్ని మళ్లీ ధ్రువపరచింది కూడా. మరి 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టరు మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థను స్థాపించేనాటికి ఏమి మారింది? దక్షిణాది క్రైస్తవ పాఠశాలల పన్ను మినహాయింపు మీద ప్రభుత్వం చెయ్యి వేయడమే అసలు నిప్పురవ్వ అని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం నల్లజాతి, తెల్లజాతి విద్యార్థులు కలిసి తిరగడాన్ని నిషేధించినందుకు 1976లో ఆ మినహాయింపు పోగొట్టుకుంది, 1983లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా అది సరేనని తేల్చింది, ఆ నిషేధాన్ని విశ్వవిద్యాలయం ఎత్తేసింది 2000లో. ఈ వాదనను ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. నా మట్టుకు నాకు ఫాల్వెల్ సొంత మాటలే ఎక్కువ చెబుతాయి. 1965లో, పౌరహక్కుల ఊరేగింపుల్లో నడుస్తున్న పాదిరులను ఉద్దేశించి ఆయన ఒక ప్రసంగం చేశాడు. ప్రసంగీకుల పని రాజకీయం కాదు, ఆత్మలను సంపాదించడమే అన్నాడు. పద్నాలుగేళ్ల తరువాత అదే నోరు ఓటర్లను నమోదు చేయమని పిలుపునిచ్చింది. నల్లవాడికి హక్కు రావలసినప్పుడు సువార్తకు రాజకీయం అంటరానిదైంది, తన పాఠశాలకూ తన కుటుంబ పద్ధతికీ ముప్పు వచ్చిందనిపించినప్పుడు అదే కర్తవ్యమైంది. దీన్ని కపటం అని కొట్టిపారేయడం తేలికే. కాని నాకు అది కపటం కన్నా లోతైన సంగతిగా తోస్తుంది, ఎందుకంటే ఆయన చాలావరకు నిజాయితీగానే నమ్మాడని అనిపిస్తుంది. మనకు ఏది పోతే నొప్పి కలుగుతుందో దాన్నే దేవుని ఆజ్ఞగా వినే చెవి ఆయన ఒక్కడికే లేదు.

ఆ తరువాతి కథను రెండు కాగితాల మధ్య పెట్టి చూడవచ్చు. 1998లో, అధ్యక్షుడు బిల్ క్లింటన్ లైంగిక వ్యవహారం బయటపడ్డ ఏడాది వేసవిలో, సదరన్ బాప్టిస్టులు ప్రజాప్రతినిధుల నైతిక ప్రవర్తన మీద ఒక తీర్మానం చేశారు. నాయకుల ఘోరమైన తప్పులను సహిస్తే జాతి మనస్సాక్షి మొద్దుబారిపోతుందని అందులో రాశారు. ఇక రెండో కాగితం ఒక సర్వే. సొంత జీవితంలో అనైతికంగా నడిచిన నాయకుడు ప్రజాజీవితంలో నీతిగా పనిచేయగలడా అని పీఆర్ఆర్ఐ సంస్థ 2011లో అడిగితే, శ్వేతజాతి ఎవాంజెలికల్స్‌లో 30 శాతం మాత్రమే చేయగలడన్నారు. మిగతా వర్గాలన్నిటికంటే గట్టిగా కాదన్నది వాళ్లే. 2016 అక్టోబరులో అదే ప్రశ్నకు వాళ్లలో 72 శాతం చేయగలడని చెప్పారు. అయిదేళ్లలో బైబిలులో ఒక్క వాక్యమూ మారలేదు.

ఇంతకన్నా ఆశ్చర్యపరచిన లెక్క మరొకటి ఉంది. ప్యూ పరిశోధన సంస్థ ఒకే మనుషులను 2016లోనూ 2020లోనూ అడిగి చూసింది. ట్రంప్ పేరుతో ముడిపడటం వల్ల చాలామంది సిగ్గుపడి ఎవాంజెలికల్ అనే పేరును వదులుకుని ఉంటారని నాలాంటి వాళ్లందరం అనుకున్నాం. శ్వేతజాతి వాళ్లలో వదిలినవారి కంటే కొత్తగా చేరినవారే ఎక్కువని తేలింది. 2016లో తాము ఎవాంజెలికల్ కాదని చెప్పి, ట్రంప్ పట్ల ఇష్టం చూపిన తెల్లవాళ్లలో 16 శాతం మంది 2020 నాటికి తాము తిరిగి జన్మించినవాళ్లమని చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆయన పట్ల ఇష్టం లేనివాళ్లలో అలా మారినవాళ్లు దాదాపు లేరు. 2017లో లైఫ్‌వే సంస్థ చేసిన సర్వేలో, ఎవాంజెలికల్ అని చెప్పుకునేవాళ్లలో సగం కంటే తక్కువమందే ఆ విశ్వాసపు మూల సూత్రాలను గట్టిగా ఒప్పుకున్నారు. మరోవైపు అవే సూత్రాలను ప్రాణప్రదంగా నమ్మే నల్లజాతి బాప్టిస్టులను సర్వే పట్టికల్లో వేరే వరసలో, నల్లజాతి ప్రొటెస్టెంట్లు అన్న శీర్షిక కింద వేస్తారు, ఆ పేరును వాళ్లలో చాలామంది తామూ కోరుకోరు. పేరొకచోట, విశ్వాసమొకచోట పడి ఉన్నాయి. ఆసియా వరసలో పడిన నా అవును ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. దశాంశం తరువాత ఎక్కడో ఉండి ఉంటుంది.

ఇక మా వైపు సంగతి.

1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలారు. బానిసలను ఉంచుకున్నవాణ్ణి మిషనరీగా పంపేది లేదని ఉత్తరాది వారి చేతుల్లోని సంఘాలు చెప్పడంతో, దక్షిణాది వాళ్లు జార్జియాలోని అగస్టాలో కూడి సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ పెట్టుకున్నారు. ఇందాక తీర్మానాల దగ్గర చెప్పిన సంస్థ అదే. (ఆ పుట్టుకకు 1995లో క్షమాపణ చెప్పుకుంది.) నెల్లూరు, ఒంగోలులకు వచ్చినవాళ్లు ఆ చీలికలో ఉత్తరాది సగం తాలూకు మనుషులు. వాళ్లను పుణ్యమూర్తులుగా నిలబెట్టాలని నాకు లేదు, వాళ్ల ఉత్తరాల్లో మనవాళ్ల గురించి రాసిన కొన్ని మాటలు ఇప్పటికీ చదవబుద్ధి కాదు. అయినా బానిస యజమానిని పంపలేం అని ఒక మాట మీద నిలబడి సంస్థలో సగాన్ని పోగొట్టుకున్నవాళ్ల ద్వారా ఆ పేరు మా ఊళ్లకు వచ్చిందన్నది నాకు చిన్న విషయం కాదు.

వాళ్లలో ఒకడైన మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు చేరాడు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అప్పటికే విశ్వాసంలోకి వచ్చి, తన ఊరు తాళ్లకొండపాడు చుట్టుపక్కల చెప్పడం మొదలుపెట్టాడు. ఒంగోలులోని అగ్రకులస్థులు కొందరు క్లౌ దగ్గరికి వచ్చి, ఈ మాదిగలను చేర్చుకోకపోతే మేము వస్తాం అన్నారట. చదువుకున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు వస్తే మిషనుకు ఎంత బలమో ఎవరికైనా తెలుసు. ఆయన ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం కనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. అద్భుతాల విషయంలో నేను కొంచెం చెయ్యి వెనక్కి తీసుకునే మనిషిని, అయినా ఆ తరువాత తీసుకున్న నిర్ణయం మాత్రం చరిత్ర. మాదిగలే చేరారు, అగ్రకులస్థులు వెళ్లిపోయారు.

చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇందులో విశ్వాసపు మాట ఒక్కటీ లేనట్టు కనిపిస్తుంది. కాని ఆనాటి పల్లెలో నిలబడి చూడండి. ఆదివారం పని మానడమంటే ఆసామికి ఎదురు చెప్పడం. విగ్రహానికి మొక్కకపోవడమంటే జాతరలో డప్పు కొట్టకపోవడం, డప్పు కొట్టకపోవడమంటే ఊరంతటి కోపాన్ని నెత్తిన వేసుకోవడం. పని పిలుపులు ఆగిపోయాయి, నీళ్లు ఆపారు, కొట్టారు. మా అమ్మమ్మ తన తాతను గురించి చెప్పిన ఒకే ఒక్క కథ ఇదే. ఆయన తన డప్పును తీసుకెళ్లి కరణం అరుగు మీద పెట్టి, ‘అయ్యా, ఇది మీ ఊరిది, మీరే ఉంచుకోండి’ అన్నాడట. ఆ రాత్రి ఇల్లు కాలింది. ఎవరు తగలబెట్టారని అమ్మమ్మను అడిగితే ‘చలికాలంలే నాయనా, నిప్పులు ఎగిరుంటయ్’ అనేది, ఇంకేమీ చెప్పేది కాదు.

1876లో వచ్చిన కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు, కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినకొద్దీ జనం పెరిగారు. చివరికి 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ అంకె మా సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే ఆ అంకెను గర్వంగా చెప్పుకునేవాళ్లం, ఆ పైన వచ్చే అంకెలను చెప్పుకోం.

1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2011కు వచ్చేసరికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో రాష్ట్రంలో ప్రార్థన మందిరాలు ఎంతగా పెరిగాయో ఏ బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. మనుషులు తగ్గలేదు, పేరు తగ్గింది. దానికి మూలం 1950 ఆగస్టులో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు. హిందువులు కానివారిని ఎస్సీలుగా గుర్తించరాదని అందులోని మూడో పేరా చెబుతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచారు, క్రైస్తవులకూ ముస్లిములకూ తెరవలేదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగ, మాల మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. రిజర్వేషను ఒక శాతం. చదువు, ఉద్యోగం, ఎన్నికల్లో పోటీ ఒక ఎత్తయితే, అట్రాసిటీ చట్టం రక్షణ మరొక ఎత్తు. క్రైస్తవంలోకి మారినవాడు ఆ చట్టం కింద ఫిర్యాదు చేయలేడని ఒక పాస్టరు కేసులో 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అయ్యవారు మతం మార్చుకున్నారని తిట్టేవాడికి తెలియదు, వాడు పాత పేరుతోనే తిడతాడు.

నా సంగతీ చెప్పాలి. ఆరో ఏట మా అమ్మ నన్ను బడిలో చేర్చడానికి తీసుకెళ్లింది. మాస్టారు రిజిస్టరు తెరిచి, పేరు రాసుకుని, మతం అన్న గడి దగ్గర కలం ఆపి తలెత్తి చూశాడు. నా పేరు శామ్యూల్. అమ్మ ఒక్క క్షణం ఆగింది. ‘హిందూ అని రాయండి సార్’ అంది. మాస్టారు నా పేరు వైపు మరోసారి చూసి, ఏమీ అనకుండా రాశాడు. దారి పొడుగునా అమ్మ మాట్లాడలేదు. ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఎప్పుడూ లేచే మనిషి లేవలేదు. అబద్ధం ఆడావని ఆమెను ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆ చాప మీద కూర్చున్న ప్రతి తల్లీ ఆ రిజిస్టరు ముందు నిలబడి వచ్చినదే.

‘రిజర్వేషను కోసం మతం దాస్తున్నారు’ అనే ఆరోపణ నాకు బాగా తెలుసు. పాస్టర్లకు ప్రభుత్వం గౌరవ వేతనం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాల్లో ఎందరికి హిందూ ఎస్సీ ధ్రువపత్రాలు ఉన్నాయో వెతికి ఫిర్యాదులు చేసినవాళ్లూ ఉన్నారు. చట్టం దృష్టితో చూస్తే వాళ్ల మాటలో పస లేదని అనను. కాని ఆరోపించేవారు ఒక్క సంగతి వదిలేస్తున్నారు. దాచుకోవడం వల్ల వచ్చేదాన్ని లెక్కిస్తున్నారు గాని, దాచుకోవలసి రావడంలో పోయేదాన్ని లెక్కించడం లేదు. సాక్ష్యం చెప్పడమే ప్రాణంగా ఉన్న విశ్వాసంలో, మనుషుల ఎదుట నన్ను ఒప్పుకొనువానిని అన్న వాక్యాన్ని పిల్లలకు బట్టీ వేయించే విశ్వాసంలో, ఒక తల్లి తన బిడ్డ మతం గడిలో ఆ మాట అనలేకపోవడం ఏ శాతానికీ అందే నష్టం కాదు.

అమెరికాలో గుడి గడప తొక్కనివాడు ఎవాంజెలికల్ అని టిక్కు పెట్టించుకుంటున్నాడు, మా ఊళ్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసే మనిషి హిందూ అని రాయించుకుంటోంది. ఒకచోట ఆ పేరు కట్టుకుంటే ఒక పెద్ద గుంపులో, అధికారం వినిపించుకునే గుంపులో చోటు దొరుకుతుంది. మరోచోట అదే పేరు కట్టుకుంటే పిల్లవాడి సీటు పోతుంది. ఈ రెంటినీ కలిపి ప్రపంచంలో ఎవాంజెలికల్స్ ఇన్ని కోట్లమంది అని లెక్క చెప్పే నివేదికలు చూసినప్పుడు నాకు నవ్వు వస్తుంది.

అమెరికన్ విశ్వాసులను ఒక్క తాటికి కట్టేస్తున్నానని ఎవరైనా అంటే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఎవాంజెలికల్ సంఘాల జాతీయ సమాఖ్యకు వరల్డ్ రిలీఫ్ అనే సేవా విభాగం ఉంది. రెండో ప్రపంచయుద్ధం కాలంలో మొదలై, దశాబ్దాలుగా శరణార్థులకు ఇళ్లు చూసిపెట్టి, పిల్లల్ని బడుల్లో చేర్పించి, ఉద్యోగాలు వెతికిపెట్టింది. ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగులకు మందులు అందించే పథకాన్ని 2003లో జార్జి బుష్ మొదలుపెట్టినప్పుడు దాని వెనుక నిలబడినవాళ్లలో ఎవాంజెలికల్ నాయకులు ముఖ్యులు. పేరుమోసిన ప్రసంగీకుడు బిల్లీ గ్రాహం 1956లో స్థాపించిన క్రిస్టియానిటీ టుడే పత్రిక 2019 డిసెంబరులో ట్రంప్‌ను పదవి నుంచి తొలగించాలని సంపాదకీయం రాసింది. కొద్ది రోజుల్లోనే ఇంచుమించు 200 మంది ఎవాంజెలికల్ నాయకులు ఆ పత్రికను ఖండిస్తూ లేఖ విడుదల చేశారు, గ్రాహం కొడుకే తన తండ్రి ట్రంప్‌కు ఓటు వేశాడని ప్రకటించాడు. శరణార్థులను చేర్చుకునే బాధ్యత అమెరికాకు ఉందా అని 2018లో ప్యూ అడిగినప్పుడు శ్వేతజాతి ఎవాంజెలికల్స్‌లో 68 శాతం లేదని చెప్పారు. వాళ్ల సొంత సమాఖ్య చేస్తున్న పని అది. ఖర్చు పెట్టే విశ్వాసం అమెరికాలో లేదని నేను అనడం లేదు, ఆ పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది అది కాకుండా పోయిందని అంటున్నాను. 1974లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో 150 దేశాల నుంచి వచ్చిన రెండు వేలకు పైగా ప్రతినిధుల ముందు లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనె పదిల్యా, శామ్యుయెల్ ఎస్కొబార్ ఈ ప్రమాదం గురించే నిలదీశారు. సువార్తతో పాటు అమెరికన్ జీవన విధానాన్ని కట్టి పంపవద్దని పదిల్యా మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ సభ ఒడంబడికలో సామాజిక బాధ్యత మీద ఒక పేరా చేరిందంటే అలాంటి నిలదీతల చలవే.

మనవాళ్లు ఈ రోగానికి అతీతులు కారు. డిసెంబరు రాగానే సెమీ క్రిస్మస్ వేదికల మీద కేకు కోసే ఎమ్మెల్యే పక్కన నిలబడటానికి పాస్టర్ల తోపులాట చూసినవాణ్ణి. పెళ్లి ప్రకటనల్లో ‘క్రిస్టియన్ మాల’, ‘క్రిస్టియన్ కమ్మ’ అని వేసుకునేవాళ్లం, తిరిగి జన్మించామని చెప్పుకుంటూ మొదటి పుట్టుకనే పట్టుకు వేలాడుతున్నాం. క్లౌ గదిలోంచి లేచి వెళ్లిపోయిన అగ్రకులస్థులు ఇప్పుడు విడిగా సంఘాలు పెట్టుకుని మరీ తిరిగి వచ్చారు. డాలస్‌లో మా తెలుగు కూటం ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అద్దెకు తీసుకుంటుంది. వాళ్ల కాఫీ పాత్ర పక్కన ఎన్నికల ముందు ఓటరు గైడ్లు దొంతరగా పెట్టి ఉండేవి, ఏ అభ్యర్థి ఏ విషయంలో ‘బైబిలు ప్రకారం’ ఉన్నాడో పట్టికలో చూపేవి. పట్టికలో శరణార్థి లేడు, కూలి లేదు. మా కూటంలో ఓటు హక్కు ఉన్నవాళ్లు పదిమంది కూడా లేరు, అయినా అందరూ తలా ఒకటి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. వీసా గడువు దగ్గరపడి, ఉపవాస ప్రార్థన పెట్టుకున్న ఒక తమ్ముడు ఆ కాగితాన్ని మడిచి బైబిలులో పెట్టుకోవడం నేను చూశాను. వలసలను అడ్డుకుంటానన్నవాడికే ఆ పట్టికలో అన్ని టిక్కులూ పడ్డాయి. అతనితో ఏమీ అనలేదు. అనవలసిందేమో.

ఇప్పుడు జనాభా లెక్కలు మళ్లీ వస్తున్నాయి. 2027 మార్చి 1 తేదీకి లెక్క తేలుస్తారట, ఈసారి అన్ని కులాలూ రాస్తారట. పోయిన నెల మా పిన్ని కొడుకు చీరాల నుంచి ఫోను చేశాడు. చర్చిలో పెద్దలందరూ ఇదే మాట్లాడుకుంటున్నారట. జనాభా లెక్కలో చెప్పింది రహస్యంగా ఉంచుతారని, దాన్ని బట్టి ధ్రువపత్రం పోదని ఒకరు, మీకేం తెలుసు, ఇప్పుడంతా కంప్యూటర్లేనని మరొకరు.

‘అన్నా, నువ్వు చదువుకున్నోడివి. మతం అని అడిగితే ఏం చెప్పమంటావు?’ అన్నాడు.

వాడికి ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఈ ఏడు నీట్‌కు చదువుతోంది. ఇక్కడ ముక్కూముఖం తెలియని అమ్మాయి అడిగిన ప్రశ్నకు, పోపు మాడిపోతుందన్న తొందరలో, రెండో ఆలోచన లేకుండా అవును అన్నవాణ్ణి నేను. ఫోను పట్టుకుని చాలాసేపు ఏమీ చెప్పలేకపోయాను.

‘సరేలే, వాళ్లు వచ్చినప్పుడు చూద్దాం’ అన్నాడు వాడే చివరికి. ‘పాపకు పరీక్ష మే మొదటి ఆదివారం. మీ కూటంలో గుర్తుపెట్టుకుని ప్రార్థన చేయించన్నా.’